ఆరు వందల పీడీఎఫ్‌లు పంపితే ఒక్కరూ తెరవలేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కాలేజీ పిల్లలకు ఆన్‌లైన్‌లో చదువు సామగ్రి పంపడం గురించే. సోషియాలజీ, సైకాలజీ, సోషల్ వర్క్ చదివేవాళ్లూ చెప్పేవాళ్లూ రాశారు. ప్రభుత్వ కాలేజీల్లో సైకాలజీ చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి ఈ వారం కాస్త ఎక్కువే మాట్లాడతాను. మిగతా ఉత్తరాలవాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో సోషియాలజీ గెస్ట్ లెక్చరర్‌ని. ఎన్నాళ్లుగానో సేకరించిన ఆరు వందల పీడీఎఫ్‌లను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, పిల్లల వాట్సాప్ గ్రూపులో లింకు ఇచ్చాను. అందరూ "థాంక్యూ మేడమ్" అని దండాల బొమ్మలు పెట్టారు. ఒక్కరూ తెరిచిన పాపాన పోలేదు. ఈ తరానికి చదువు మీద ఆసక్తి పోయిందా? – ఒక అధ్యాపకురాలు, వనపర్తి

జవాబు: తరాన్ని తిట్టే ముందు ఆ ఫోల్డర్‌ని మీరే ఒకసారి ఫోన్‌లో తెరిచి చూడండమ్మా. ల్యాప్‌టాప్‌లో కాదు, ఫోన్‌లోనే. మీ పిల్లల్లో ఎక్కువమందికి ఉన్నది అదొక్కటే. "స్కాన్ 0047", "ఫైనల్ న్యూ 2" అనే పేర్లతో ఫైళ్లు వరసగా కనిపిస్తాయి. వాటిలో కొన్నైతే వంద ఎంబీ పైన. సాయంత్రానికి డేటా అయిపోయిన పిల్లవాడు అందులో దేన్ని తెరవాలి? తెరిచాక ఎన్నో పేజీ దగ్గర మొదలుపెట్టాలి? పెళ్లింటి సరుకుల పట్టీ చేతికిచ్చి భోంచేయమన్నట్టుంది.

ఇంకో మాట అడుగుతాను, నొచ్చుకోకండి. ఆ ఆరు వందల్లో మీరు చదివినవి ఎన్ని? మిగతావి మీకూ ఎవరో పంపినవే కదా. మీరు చదవనిది పిల్లలకు పంపకండి. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే ఫోల్డర్ దానంతట అదే చిన్నదైపోతుంది.

వారానికి ఒక్కటి పంపండి. పేజీల నంబర్లు ఇవ్వండి. అది ఎవరు రాశారు, ఏ సంవత్సరంలో రాశారు, మీకు ఎందుకు నచ్చింది అన్నవి రెండు వాక్యాల్లో రాయండి. చివర ఒక ప్రశ్న అడగండి. ఆ ప్రశ్నకు జవాబు గూగుల్‌లో దొరకకూడదు, పిల్లవాడి ఊళ్లో దొరకాలి.

ఉదాహరణకు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత తీసుకోండి. 2019–21లో జరిగింది. జిల్లాకొక ఫ్యాక్ట్ షీట్ ఉంది, వనపర్తికీ ఉంది. కొన్ని పేజీలే, ఉచితమే. 20–24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు దేశం మొత్తం మీద 23.3 శాతం, తెలంగాణలో 23.5, ఆంధ్రప్రదేశ్‌లో 29.3. ఇంతవరకు మీరు చెప్పండి. జిల్లా అంకె వాళ్లనే వెతకమనండి. తర్వాత "మీ వాడలో మీకు కనిపించేదానికీ ఈ అంకెకూ పొంతన ఉందా?" అని అడగండి. అందరూ ఒకేలా చెప్పరు. ఊరికీ జిల్లాకూ తేడా ఎందుకొచ్చింది, సర్వేలో అడిగితే ఇంటివాళ్లు నిజమే చెబుతారా అని వాదించుకుంటారు. పరిశోధనా పద్ధతులు అనే పేపర్‌ని బోర్డు మీద రాసి చెప్పడానికి మీరు నెల రోజులు పడే తంటా ఇక్కడ ఒక్క సాయంత్రంలో తీరిపోతుంది.

మరోటి చెబుతాను, ఇది నాకు మహా ఇష్టం. 1961 జనాభా లెక్కలప్పుడు తలలు లెక్కపెట్టి ఊరుకోలేదు. ఎంపిక చేసిన ఊళ్లకు వెళ్లి ఒక్కో ఊరి మీద ఒక్కో పుస్తకం రాశారు. ఇళ్ల గోడలు, నగలు, అప్పులు, పెళ్లి ఖర్చులు, పురుడు ఆచారాలు అన్నీ అందులో ఉంటాయి. జాతరలూ పండగల మీద జిల్లాలవారీగా వేరే సంపుటాలున్నాయి. జనాభా లెక్కల శాఖ వీటిని స్కాన్ చేసి తన వెబ్‌సైట్‌లో పెట్టింది. మీ పాత మహబూబ్‌నగర్ జిల్లా సంపుటంలో తమ ఊరి జాతర ఉందేమో చూడమనండి. ఊరి పేరు కనబడితే చాలు, ఆ పేజీ స్క్రీన్‌షాట్ వాళ్లే స్టేటస్ పెట్టుకుంటారు. అక్కడి నుంచి సమాజ శాస్త్రవేత్త ఎస్.సి. దూబే దగ్గరికి తీసుకెళ్లడం తేలిక. ఉస్మానియాలో పని చేసే రోజుల్లో ఆయన హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేటను అధ్యయనం చేశాడు. 1955లో "ఇండియన్ విలేజ్" అనే పుస్తకంగా వచ్చింది. దేశమంతా సోషియాలజీ విద్యార్థులు చదివిన ఆ "భారతీయ గ్రామం" మన శామీర్‌పేటేనని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఇప్పుడక్కడ ఔటర్ రింగ్ రోడ్డు దిగుతుంది. వీలైతే ఒక ఆదివారం తీసుకెళ్లండి.

ఆరు వందల ఫైళ్లూ పారేయమని నేననడం లేదు. మీ దగ్గరే దాచుకోండి, అడిగినవాళ్లకు అడిగింది ఇవ్వండి.

ప్రశ్న: మా లైబ్రరీలో పాఠ్యపుస్తకం ఒకే కాపీ ఉంది. రెండు అధ్యాయాలు స్కాన్ చేసి పిల్లలకు పంపితే నేరమా? ఒక సీనియర్ "కేసు పడుతుంది జాగ్రత్త" అని భయపెట్టారు. – ఒక లైబ్రేరియన్, తణుకు

జవాబు: టెన్షన్ పడకండి, కానీ ఏ గీత దాటకూడదో తెలుసుకోండి. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని ఒక జిరాక్స్ షాపు మీద మూడు పెద్ద విదేశీ ప్రచురణ సంస్థలు 2012లో కేసు వేశాయి. సిలబస్‌లోని అధ్యాయాలన్నీ కలిపి కట్టగట్టి అమ్ముతున్నారన్నది అభియోగం. 2016 సెప్టెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు షాపు పక్షానే తీర్పు చెప్పింది. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ బోధన క్రమంలో ఉపాధ్యాయుడో విద్యార్థో చేసుకునే కాపీలకు మినహాయింపు ఇస్తుంది. దాన్ని కోర్టు విశాలంగానే చూసింది. అదే ఏడాది డిసెంబర్‌లో డివిజన్ బెంచ్ కూడా ఆ సూత్రాన్ని నిలబెట్టింది. మరుసటి ఏడాది ఆ సంస్థలు కేసు వెనక్కి తీసుకున్నాయి.

కాబట్టి మీ కాలేజీలో, ఆ పేపర్ చదివే పిల్లలకు, పాఠానికి కావలసిన అధ్యాయం పంపడం ఒక సంగతి. పుస్తకం మొత్తం స్కాన్ చేసి ఎవరైనా చేరగల టెలిగ్రామ్ ఛానల్లో పడేయడం పూర్తిగా వేరే సంగతి. రెండోదానికి ఆ తీర్పు గొడుగు పట్టదు. ముఖ్యంగా మన తెలుగు పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లకు వచ్చేదే అంతంత మాత్రం. వాళ్ల పుస్తకం బజార్లో దొరుకుతుంటే కొనిపించండి.

అసలు స్కాన్ చేయాల్సిన అవసరమే లేనివి బోలెడున్నాయి. సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో పాఠాలు దాని ఈ-జ్ఞానకోశ్ వెబ్‌సైట్‌లో యూనిట్లుగా దొరుకుతాయి. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల సైకాలజీ, సోషియాలజీ పుస్తకాలు దాని వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి. డిగ్రీ పిల్లలకు అవి చిన్నతనమని ముఖం చిట్లించేవాళ్లను చూశాను. ఇంటర్‌లో ఎంపీసీ చదివి డిగ్రీలో సైకాలజీకి వచ్చిన పిల్లకు అంతకంటే మంచి మొదటి మెట్టు లేదు. పీజీ వాళ్లకైతే ఈ-పీజీ పాఠశాల అనే ఉచిత వెబ్‌సైట్ ఉంది. మీది ప్రభుత్వ కాలేజీ అయితే ఇంకో పని చేయండి. "ఒకే దేశం, ఒకే చందా" పథకం కింద 2025 జనవరి నుంచి దాదాపు పదమూడు వేల జర్నల్స్ ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. మూడేళ్లకు ఆరు వేల కోట్లు కేటాయించిన పథకం. మీ కాలేజీ నమోదై ఉందో లేదో ప్రిన్సిపల్‌ని అడగండి. ఆయనకు తెలియకపోతే ఆ పథకాన్ని నడిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థకు మీరే మెయిల్ రాయండి.

ఒక హెచ్చరిక. కాపీరైట్ తీరిపోయింది కదా అని ప్రతిదీ పంపదగినది కాదు. థర్స్టన్, రంగాచారి 1909లో దక్షిణాది కులాల మీద వేసిన ఏడు సంపుటాలు ఇంటర్నెట్‌లో ఉచితం. థర్స్టన్ మద్రాసు మ్యూజియం అధికారి, జనం ముక్కులు కొలిచి కులాలను వర్గీకరించిన మనిషి. ఆ సంగతి చెప్పకుండా ఆ పేజీలు పంపితే పిల్లలు తమ తాతల గురించి అక్కడ రాసిందే శాస్త్రమనుకుంటారు. పంపండి, కానీ ఆ పరిచయంతోనే పంపండి.

ప్రశ్న: బీఏ సైకాలజీ విద్యార్థిని. టెలిగ్రామ్‌లో తెలివితేటల పరీక్షలు, సిరా మరకల కార్డులు, మార్కులు వేసే మాన్యువల్‌తో సహా దొరికాయి. క్లాస్ గ్రూపులో పెట్టాను. సీనియర్ అక్క వెంటనే తీసేయమని కోప్పడింది. చదువుకోవడానికే కదా, తప్పేముంది? – విశాఖపట్నం

జవాబు: మీ అక్క చెప్పింది సరైన మాట తల్లీ. తీసేయి.

మరకలో ఏం కనిపిస్తోందని అడిగి మనసును అంచనా వేసే రోర్షాక్ సిరా మరకల కార్డులు పది. 1921 నాటివి, చేసినాయన మరుసటి ఏడాదే చనిపోయాడు. కాపీరైట్ ఎప్పుడో పోయింది. అయినా 2009లో ఆ పదింటినీ వికీపీడియాలో పెట్టినప్పుడు సైకాలజిస్టులు గోల పెట్టారు. చట్టం ఒప్పుకుంది కదా అని పెట్టినవాళ్లన్నారు. జనం ముందే చూసేస్తే పరీక్ష పనికిరాకుండా పోతుందని వీళ్లన్నారు. నేను వీళ్ల పక్షం. రోర్షాక్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు, అది వేరే విషయం.

తెలివితేటల పరీక్షల దగ్గర నాకే సందేహమూ లేదు. మన దగ్గర బినె–కామత్, మాలిన్ పరీక్షల్లాంటివి పెట్టే ఐక్యూ లెక్కగట్టి పిల్లలకు మేధో వైకల్య ధ్రువపత్రాలు ఇస్తారు. ఆ కాగితం మీద పింఛను, పరీక్షలో అదనపు సమయం, రిజర్వేషన్ ఆధారపడి ఉంటాయి. ప్రశ్నలూ జవాబులూ ఊరంతా తిరిగితే ఎవరైనా పిల్లవాడికి నేర్పించి తీసుకెళ్లొచ్చు, లేదా తప్పు చెప్పమని చెప్పి తీసుకెళ్లొచ్చు. నష్టపోయేది నిజంగా ఆ కాగితం అవసరమున్న పిల్లవాడు. మీకు ప్రాక్టికల్స్‌కు కావలసింది మీ ల్యాబ్ బీరువాలో ఉంటుంది. తాళం ఎవరి దగ్గరుందో కనుక్కో.

ఉచితంగా వాడుకోమని తయారుచేసినవాళ్లే ఇచ్చినవి కూడా ఉన్నాయి. దిగులు తీవ్రత చూసే పీహెచ్‌క్యూ–9, ఆందోళన చూసే గ్యాడ్–7 అలాంటివి. తెలుగులోనూ దొరుకుతాయి. అయితే వీటికీ ఒక జాగ్రత్త కావాలి. ప్రాజెక్టు కోసమని మీ వయసు పిల్లలు పీహెచ్‌క్యూ–9ని గూగుల్ ఫారంలో పెట్టి, పైన పేరు, ఫోన్ నంబర్, సెక్షన్ అడిగి అన్ని గ్రూపుల్లోకీ వదులుతున్నారు. నాకే అలాంటివి వచ్చాయి. అందులో తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. అర్ధరాత్రి ఒకమ్మాయి దానికి "దాదాపు ప్రతిరోజూ" అని నొక్కితే మీరేం చేస్తారు? ఎక్సెల్ షీట్‌లో 3 అని పడుతుంది, అంతే. పొద్దున కారిడార్‌లో మీరిద్దరూ పక్కపక్కనే నడుస్తారు, మీకు తెలియదు. ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు, ఎవరికి చెబుతారు అన్నది ముందే మీ మేడమ్‌తో కూర్చుని తేల్చుకోకపోతే ఆ ఫారం పంపొద్దు. పంపితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఫారం పైనే ఉండాలి, అడుగున కాదు. అది ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ సెకండియర్. రోజూ సైకాలజీ రీల్స్ చూసి వాళ్ల నాన్నను నార్సిసిస్ట్ (తన గొప్పే తప్ప ఎదుటివాళ్లు పట్టనివాడు) అంటోంది, నాది ట్రామా రెస్పాన్స్ (పాత గాయం వల్ల వచ్చిన ప్రవర్తన) అంటోంది. మొన్న ఉప్మా తినమంటే గ్యాస్‌లైటింగ్ అంది, అంటే తన మీద తనకే అనుమానం పుట్టిస్తున్నానట. ఏం చేయాలి? – ఒక అమ్మ, గుంటూరు

జవాబు: ముందు ఆ ఉప్మా సంగతి చూడండి, పిల్ల చెప్పేదాంట్లో నిజముండొచ్చు.

అమెరికా మానసిక వైద్యుల సంఘానికి 1973 నుంచి ఒక నియమం ఉంది. తాము పరీక్షించని ప్రముఖుల మానసిక స్థితి గురించి బహిరంగంగా తీర్పు చెప్పకూడదు. ఎండీ చదివినవాళ్లకే ఆ కట్టడి ఉంటే రీల్ చూసినవాళ్లకు ఎంత ఉండాలో అమ్మాయినే అడగండి. నార్సిసిజం రోగనిర్ధారణకు తొమ్మిది లక్షణాల జాబితా ఉంది. అందులో కనీసం ఐదు ఉండాలి. అవి యవ్వనం నుంచీ, రకరకాల సందర్భాల్లో కనిపించాలి. టీవీ రిమోట్ ఇవ్వకపోవడం ఆ తొమ్మిదిలో లేదు. "ఆ తొమ్మిదీ పుస్తకంలో చూపించు, మీ నాన్నకు ఎన్ని ఉన్నాయో కలిసి లెక్కపెడదాం" అనండి. వెక్కిరింపుగా కాదు, నిజంగానే కూర్చోండి. రీల్ నుంచి పుస్తకానికి వచ్చే దారి అదే.

అయితే ఒకటి. ఆ మాటలన్నీ తీసేసి చూసినా, ఇంట్లో తన మాట ఎవరూ వినడం లేదని ఆమె అంటుండవచ్చు. అది మటుకు కొట్టిపారేయకండి.

ప్రశ్న: స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం వీడియో క్లాస్ గ్రూపులో పెట్టాను. ఒక కుర్రాడు "అది ఫేక్ అంట సార్" అని మెసేజ్ పెట్టాడు. ఏం చెప్పాలో తోచలేదు. – ఒక లెక్చరర్, కరీంనగర్

జవాబు: ఆ కుర్రాడిని జాగ్రత్తగా చూసుకోండి మాస్టారూ, పనికొస్తాడు.

ఫేక్ అనడం ఎక్కువ. 1971 ఆగస్టులో ప్రయోగం జరిగింది. జింబార్డో అనే సైకాలజీ ప్రొఫెసర్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నేలమాళిగలో ఉత్తుత్తి జైలు కట్టి, రోజుకు పదిహేను డాలర్లిచ్చి, కుర్రాళ్లను కాపలాదారులుగా, ఖైదీలుగా విడదీశాడు. రెండు వారాలనుకున్నది ఆరు రోజులకే ఆపేశారు. మామూలు మనిషికి అధికారం ఇస్తే దానంతట అదే క్రూరత్వం వస్తుందని పాఠ్యపుస్తకాలు దశాబ్దాలుగా చెప్పాయి. ఆ "దానంతట అదే" నిలబడలేదు. ఫ్రెంచి పరిశోధకుడు తిబో లె టెక్సియే పాత రికార్డులన్నీ తవ్వి 2019లో వ్యాసం రాశాడు. ఎలా ప్రవర్తించాలో కాపలాదారులకు ముందే సూచనలు ఇచ్చారని అందులో తేలింది. మెతగ్గా ఉన్న ఒక కాపలాదారుడిని ఇంకా కఠినంగా ఉండమని ఒత్తిడి చేస్తున్న టేపు కూడా ఉంది. బ్రిటన్‌లో హాస్లం, రైషర్ అనే సైకాలజిస్టులు బీబీసీతో కలిసి ఇలాంటిదే చేస్తే కాపలాదారులు రాక్షసులు కాలేదు.

వీడియో తీసేయకండి. దాని కిందే ఈ విమర్శ కూడా పెట్టి, రెండూ చదివాక పాఠ్యపుస్తకంలోని ఆ పేరాను తిరగరాయమనండి. 1964లో న్యూయార్క్‌లో కిటీ జెనొవీస్ హత్యను ముప్పై ఎనిమిది మంది చూస్తూ ఊరుకున్నారన్న కథ కూడా అంతే. ఆ వార్త వేసిన పత్రికే అది తప్పులతడక అని 2016లో ఒప్పుకుంది. మన నోట్సుల్లో మాత్రం ఇంకా ముప్పై ఎనిమిది మందీ కిటికీల్లోనే ఉన్నారు. 2015లో వంద సైకాలజీ ప్రయోగాలను మళ్లీ చేసి చూసినప్పుడు సుమారు 36 శాతంలోనే గణాంకాల ప్రకారం చెప్పుకోదగ్గ ఫలితం మళ్లీ వచ్చింది. అందుకే ఏది పంపినా పక్కన సంవత్సరం రాయమని పోరు పెడుతుంటాను.

ప్రశ్న: డాలస్‌లో ఐటీ ఉద్యోగిని. అమెరికాలో ఉచితంగా దొరికే సైకాలజీ పాఠ్యపుస్తకం మొత్తాన్ని ఏఐతో తెలుగు చేయించి మన పిల్లలకు ఇవ్వాలనుంది.

జవాబు: మంచి సంకల్పం. మీరంటున్నది రైస్ విశ్వవిద్యాలయం వాళ్ల ఓపెన్‌స్టాక్స్ పుస్తకమైతే ముందు లైసెన్స్ పేజీ చదవండి, అనువాదానికి ఏ షరతులున్నాయో అక్కడే ఉంటుంది. మొత్తం వద్దు, ఒక్క అధ్యాయంతో మొదలుపెట్టండి. జ్ఞాపకశక్తి మీద అధ్యాయమైతే ఎవరికైనా పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే. పిల్లలు పరీక్ష ఇంగ్లీషులో రాస్తారు, అర్థం చేసుకునేది తెలుగులో. అందుకని ఇంగ్లీషు పేరా పక్కనే తెలుగు వివరణ ఉంటే మేలు. బేస్‌బాల్ ఉదాహరణలు తీసేసి కబడ్డీ పెట్టండి. అచ్చుకు ముందు మీ ఊరి కాలేజీలో ఇద్దరు పిల్లలతో చదివించి, ఎక్కడ ఆగిపోయారో గుర్తు పెట్టించండి. పండితులకు ఆ తర్వాత చూపించవచ్చు.

ప్రశ్న: నాకు చూపు లేదు. ఎమ్మే సోషియాలజీ. సార్లు పంపే తెలుగు నోట్సు నా ఫోన్ చదవదు. గ్రూపులో పదేపదే అడగాలంటే సిగ్గుగా ఉంది. – నల్గొండ

జవాబు: సిగ్గుపడాల్సింది నువ్వు కాదు బాబూ. ఈ జవాబు మీ సార్లకే రాస్తున్నాను, కత్తిరించి వాళ్లకు పంపు.

అయ్యా, మీ నోట్సు రెండు రకాలుగా మూగబోతోంది. ఒకటి, జిరాక్స్ కాగితం ఫొటో తీసి పీడీఎఫ్ చేయడం. అది బొమ్మ, అందులో అక్షరాలుండవు. రెండోది, డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించడం. కంటికి తెలుగే కనిపిస్తుంది, లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. పరీక్షించడం తేలిక. పీడీఎఫ్‌లోంచి ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు పడితే ఫోన్ చదువుతుంది. పిచ్చి గీతలు పడితే చదవదు. అసలు కాపీయే కాకపోతే అది ఫొటో.

ఫొటో అయితే గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరవండి, తెలుగు అక్షరాలుగా మారుస్తుంది. ఒత్తుల దగ్గర తప్పులొస్తాయి, ఒకరు కూర్చుని దిద్దాలి. క్లాసులో పేజీల వంతున పంచితే ఎవరికీ భారం కాదు. అను ఫాంట్ అయితే డీటీపీ సెంటర్‌లో అసలు ఫైలు అడిగి తెచ్చుకుని యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోనైనా గుర్తుపట్టే తెలుగు అక్షరాల్లోకి, మార్చండి. ఇక మీదట ఫోన్ కీబోర్డుతోనే కొట్టండి, ఈ బెడదే ఉండదు.

కాపీరైట్ భయం ఇక్కడ అక్కర్లేదు. 2012 సవరణ చూపులేనివాళ్ల కోసం చదవగల రూపంలోకి మార్చడానికి స్పష్టంగా అనుమతి ఇచ్చింది. వాళ్ల పుస్తకాల కోసం వచ్చిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే.

బాబూ, చూపులేనివాళ్ల ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయలో నువ్వు సభ్యుడివి కాకపోతే వెంటనే చేరు. 2016 నుంచి నడుస్తోంది. కావలసిన పుస్తకం లేకపోతే అక్కడే కోరవచ్చు. ఈ సెమిస్టర్‌లో నీకు అత్యవసరమైన పేపర్ ఏదో, ఎన్ని యూనిట్లో ఈ పత్రిక చిరునామాకు రాయి. దిద్దడానికి మా రిటైరైన బృందంలో ఇద్దరు ముగ్గురం ఖాళీగానే ఉన్నాం.